చుక్క చాటున దాగిన ఇష్టాలు

ఇంట్లో ఎవరి కాఫీలో ఎన్ని చెంచాల పంచదారో ఇల్లాలిని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కంప్యూటరుకి ఆ గుణం లేదు. మీరు అక్షరాలు పెద్దవి చేసుకోండి, రంగు మార్చుకోండి. రాసి దాచకపోతే ప్రోగ్రాము మూయగానే అన్నీ మరిచిపోతుంది. ఈ ఇష్టాలనే సెట్టింగులంటారు. వాటిని ఎక్కడ దాచాలా అని మనుషులు పడ్డ తంటాలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో యూనిక్స్ పుట్టింది. అందులో ప్రతి ఫైళ్ల అరలోనూ ఒంటి చుక్క, జంట చుక్కల పేర్లతో రెండు గుర్తులుండేవి. జాబితాలో అవి అడ్డు రాకూడదని, చుక్కతో మొదలయ్యే పేరేదైనా చూపించవద్దన్నారు. ఇదేదో బాగుందే అని తర్వాతివాళ్లు తమ సెట్టింగుల ఫైళ్లకీ ముందు చుక్క పెట్టేశారు. అడ్డదారి కాస్తా ఆచారమై కూర్చుంది!

1985లో విండోస్ వచ్చింది. అందులో సెట్టింగులు చాకలి పద్దంత తేలిక: ఎడమన పేరు, మధ్య సమానం గుర్తు, కుడిన విలువ. అయితే ఎవరికివారు విన్.ఐఎన్ఐ అనే ఒకే ఫైలులో రాసుకోబోయారు. దానికా 64 కిలోబైట్లే హద్దు. ఇరుకైపోదూ మరి!

1992లో విండోస్ 3.1తో రిజిస్ట్రీ అడుగుపెట్టింది. విండోస్ 95 నాటికి అది ఉమ్మడి కుటుంబపు బీరువా అయింది. వసతి నిజమే కాని, అది పాడైతే ఇంటిల్లిపాదికీ కటకటే. పైగా ప్రోగ్రామును పంపించేసినా దాని సామాను కొంత బీరువాలోనే పడి ఉండేది.

2005లో విజువల్ స్టూడియో ఒక పద్ధతి చూపించింది. ప్రోగ్రాముకి సంబంధించినవి వేరు, వాడేవారి ఇష్టాలు వేరు. వాడేవారివి ఎవరి అరలో వారికే ఉంటాయి. సి షార్ప్‌లో కొత్తగా రాసే పిల్లలు తడబడేది ఇక్కడే. విలువ మారిస్తే చాలదు, 'సేవ్' అన్న ఆజ్ఞ ఇవ్వాలి. ప్రోగ్రాముకి కొత్త వెర్షను వస్తే అర కూడా కొత్తదవుతుంది. 'అప్‌గ్రేడ్' అని పిలిస్తేగాని పాతవి కొత్త అరలోకి రావు.

ఆ ఒక్క పిలుపు మరిస్తే ఏమవుతుంది? చూపు ఆనని ఓ పెద్దావిడ ఓపిగ్గా పెద్దవి చేసుకున్న అక్షరాలు మర్నాటికి మళ్లీ చీమలైపోతాయి. తప్పు తనదేననుకుని ఆవిడ కంప్యూటరు ముట్టడమే మానేయవచ్చు. అందుకే నేర్చుకునేవాళ్లకి నేను చెప్పేదొక్కటే: ప్రోగ్రాము మీది, సెట్టింగులు మాత్రం ఆవిడవి. పరాయి సొమ్ములా జాగ్రత్తగా దాచండి.