సింహాసన రథము – దాని విరాసతు

పుష్పకవిమానము కథ మనవారందఱు ఎఱిగినదే. విశ్వకర్మ నిర్మింపగా బ్రహ్మ దానిని కుబేరున కొసగెను; రావణుడు బలిమిచే గైకొనెను; లంకావిజయానంతరము శ్రీరాముడు దానిపై వచ్చి, తిరిగి కుబేరునికే పంపెను. వాహనము చేతులు మాఱినపుడెల్ల దానిని పొందినవాని గుణమును వెల్లడియగుచుండును. అట్టి వాహన మొకటి మన హైదరాబాదున కలదు. పూర్వము మన మెదకు సీమ నేలిన అసఫ్‌జాహీ వంశమున తరతరములుగా వచ్చిన రోల్స్ రాయిస్ కారు అది.

ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ దీనిని ఇంగ్లండున చేయింప నాజ్ఞ యిచ్చెను. 'సిల్వర్ ఘోస్ట్' అను పేర ప్రసిద్ధి కెక్కిన ఆఱు సిలిండర్ల బండి యిది. ఆ కాలమున కంపెనీవారు ఇంజనును, చట్రమును మాత్రమే చేసెడివారు. పైభాగమును గుఱ్ఱపుబగ్గీలు కట్టుటలో ఆఱితేఱిన వేఱొకరు కట్టెడివారు. దీనికి ఆ పని చేసినవారు బార్కర్ కంపెనీవారు. వెనుక ఆసనము సింహాసనమును పోలి యుండుటచే దీనికి సింహాసన రథ మను ఖ్యాతి వచ్చెను. వన్నె పసుపు.

కాని చేయించినవానికి అనుభవయోగము లేదయ్యెను. 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీఖాన్ మరణించెను. కారు ఆయన కుమారుడగు ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖానునకు చేరెను. ఆయనయు దీనిని ఉత్సవసమయములకే ఉంచెను గాని నిత్యము వాడలేదు. 1948లో సంస్థానము భారతదేశమున చేరెను. 1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీఖాన్ గతించెను. వారసత్వము కుమారునికి గాక మనుమడగు ముకర్రమ్ జాకు సంక్రమించెను. ఆయన చిరకాలము ఆస్ట్రేలియాలోను, టర్కీలోను గడపి, 2023 జనవరిలో ఇస్తాంబులున మరణించెను. మక్కా మసీదున సమాధి చేయబడెను.

లెక్కలు వ్రాయువాడను గనుక నాకొక పోలిక తోచుచున్నది. పహాణీలో పట్టాదారుని గడి వేఱు, అనుభవదారుని గడి వేఱు. ఈ కారుకు విరాసతు వ్రాసినచో పట్టాదారుని గడిలో మూడు తరములవారి పేర్లు నిండును. అనుభవదారుని గడి మాత్రము దాదాపు ఖాళీ! ఆ ప్రభువుల ఐశ్వర్యమునకు మూలము భూమిశిస్తు. శిస్తునకు మూలము మన తాతముత్తాతల చెమట. వారు ఆ రథమును చూడనైన నోచుకొనలేదు. ఆ నిజాము కాలముననే, 1932 జూనులో, 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ప్రజారవాణా ఆరంభమయ్యెను. టిక్కెట్టు కొన్నవాడెల్ల వానికి అనుభవదారుడే. సింహాసన రథము గదిలో నిలిచి నిగనిగలాడెను; బస్సులు జనమును మోసి అరిగిపోయెను.

2005లో చౌమహల్లా ప్రాసాదమును జీర్ణోద్ధరణ చేసి ప్రజలకు తెఱచిరి. నేడు ఆ పసుపు బండిని అచట మన పిల్లలును చూడవచ్చును. ఖాళీ గడి నిండుట కిన్నాళ్లు పట్టినది!

రజతోత్సవము జరుపుకొను మన గ్రంథాలయమునకు దీనివలన నేర్వదగినది కలదు. పుస్తకములకు పట్టాదారు గ్రంథాలయము, అనుభవదారులు చదువరులు. బీరువాలో అట్ట నలగక మెఱయు పుస్తకముకంటె, పదిమంది చేతులలో అంచులరిగి, మరల అతుకు వేయించుకొన్న పుస్తకమే మన నిజమైన ఆస్తి. రాబోవు తరమువారికి మనము విరాసతుగా ఒప్పగింపవలసినది అట్టి పుస్తకములనే.