ఒక్క మనిషి కోసం ఒక సెక్షన్

1966లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉస్మానియా విశ్వవిద్యాలయ చట్టంలో 13-ఏ అనే చిన్న సెక్షన్‌ను చేర్చింది. అందులో ఎవరి పేరూ లేదు. సవరణ అమల్లోకి వచ్చే నాటికి ఉపకులపతిగా ఉన్న వ్యక్తి, కొత్తవారిని నియమించేదాకానే ఆ పదవిలో ఉంటారని, ఆ నియామకం తొంభై రోజుల్లో జరగాలని మాత్రమే ఉంది. ఆ నాటికి ఉస్మానియాలో ఉన్న ఉపకులపతి ఒక్కరే. ఆయన డి.ఎస్. రెడ్డి.

ఆ సెక్షన్ ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఆ కుర్చీ కథ కాస్త వెనక్కి వెళ్లి చూడాలి. హైదరాబాద్ సంస్థానాన్ని ఏలిన నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉన్నత విద్యను ఉర్దూలో చెప్పాలన్న సాహసం దాని పునాది. అందుకోసం పాఠ్యపుస్తకాలు తర్జుమా చేయడానికి దారుల్ తర్జుమా అనే అనువాద విభాగాన్నే పెట్టారు. తొలి ఉపకులపతి నవాబ్ హబీబుర్ రహమాన్ ఖాన్ షేర్వానీ. సంస్థానంలో అధికారమంతా ఒక్కచోటి నుంచే వచ్చేది కాబట్టి, ప్రభుత్వం వేరు, విశ్వవిద్యాలయం వేరు అన్న తగువుకు అప్పట్లో పెద్దగా తావే లేదు.

1948 తర్వాత పరిస్థితి మారింది. బోధన ఇంగ్లిష్‌లోకి వచ్చింది. సంస్థానం కూలిపోతున్న రోజులకు ముందూ, తర్వాతా ఆ కుర్చీలో కూర్చున్న అలీ యావర్ జంగ్ తరువాతి కాలంలో రాయబారిగా, మహారాష్ట్ర గవర్నర్‌గా పేరు పొందారు. మధ్యలో అలీగఢ్ ఉపకులపతిగా ఉంటూ 1965లో విద్యార్థుల చేతిలో దెబ్బలు కూడా తిన్నారు. ఆయన తర్వాత 1952లో సి.వి. రామన్ శిష్యుడైన భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం వచ్చారు. ఆయన 1957లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వెళ్లిపోగా, డి.ఎస్. రెడ్డి కుర్చీ ఎక్కారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నిజాం కాలపు చార్టర్లతో పని జరగదు కనుక 1959లో కొత్త చట్టం తెచ్చారు. గవర్నర్ హోదా రీత్యా కులపతి. ఆయన కింద ఉపకులపతి. సెనేట్ పెద్ద సభ, పాలన చూసేది సిండికేట్, చదువుల సంగతి అకడమిక్ కౌన్సిల్‌ది. ఉపకులపతి గడువు ఐదేళ్లు. ఆ గడువులోపల తొలగించాలంటే దుష్ప్రవర్తననో అశక్తతనో రుజువు కావాలి. దానిపై హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నవారో, ఉండి దిగిపోయినవారో విచారణ జరపాలి. ఒక ఉద్యోగిని తీసేయడానికి ఇంత తతంగమా అని సచివాలయంలో ఎవరైనా విసుక్కుని ఉంటే ఆశ్చర్యం లేదు. ఆ రక్షణ పెట్టిందే ఆ విసుగును దృష్టిలో ఉంచుకుని.

1964 ఏప్రిల్‌లో డి.ఎస్. రెడ్డికి మరో ఐదేళ్ల గడువు దక్కింది. అంటే 1969 దాకా. కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం మాత్రం 1966లో చట్టాన్ని సవరించింది. 7-ఏ అనే కొత్త సెక్షన్ విద్యావిధానంలో, బోధనా మాధ్యమంలో, పోస్టు గ్రాడ్యుయేట్ కేంద్రాల ఏర్పాటులో విశ్వవిద్యాలయానికి సూచనలిచ్చే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. మాధ్యమం అన్న మాట ఉస్మానియాలో ఊరికే వినిపించేది కాదు. ఉర్దూ విశ్వవిద్యాలయంగా పుట్టి, ఇంగ్లిష్‌కు మారి, 1950ల మొదట్లో హిందీ విశ్వవిద్యాలయంగా మార్చి కేంద్రానికి అప్పగించాలన్న ప్రతిపాదనను కూడా దాటొచ్చిన చోటు అది. ఉపకులపతి గడువును కూడా ఆ సవరణే ఐదు నుంచి మూడేళ్లకు కుదించింది.

అది సరిపోలేదు. కొత్త గడువు కొత్తగా వచ్చేవారికి వర్తిస్తుంది, ఉన్నాయన మాత్రం ఉన్నట్టే ఉంటారు. అందుకే అదే ఏడాది రెండో సవరణ తెచ్చి 13-ఏను చేర్చారు. ఒక మనిషిని విచారణ లేకుండా, కారణం చెప్పకుండా దించాలంటే ఇంతకన్నా సులువైన దారి లేదు. తప్పు చేశాడని అనక్కర్లేదు, చట్టమే మారిందని అంటే చాలు.

డి.ఎస్. రెడ్డి హైకోర్టుకు వెళ్లారు, అక్కడ ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. సవరించిన చట్టాన్ని కొత్త ఉపకులపతి అయితేనే సరిగ్గా అమలు చేయగలరన్నది ప్రభుత్వ వాదన. 1967లో వచ్చిన తీర్పు దాన్ని ఒప్పుకోలేదు. పాత ఉపకులపతి, రేపు వచ్చే ఉపకులపతి ఒకే పదవిలో ఉన్నవారే. వచ్చేవారిని న్యాయమూర్తి విచారణ లేకుండా తీయకూడదని చెబుతూ, ఉన్నవారిని మాత్రం ఉత్తినే దించేయవచ్చనడం రాజ్యాంగంలోని 14వ అధికరణానికి, అంటే చట్టం ముందు సమానత్వానికి, విరుద్ధమని తేల్చింది. 13-ఏ చెల్లలేదు. ఒక్క వ్యక్తిని గురిపెట్టి రాసిన శాసనాల మాట వచ్చినప్పుడల్లా ఈ కేసు ప్రస్తావనకు వస్తూనే ఉంది. 1930లో శాసనోల్లంఘన ఉద్యమంపై బ్రిటిష్ ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిని వదులుకున్న కట్టమంచి రామలింగారెడ్డి గురించి మనం తరచూ చెప్పుకుంటాం. పదవిని పట్టుకుని కోర్టు దాకా వెళ్లిన డి.ఎస్. రెడ్డి గురించి అంతగా చెప్పుకోం. నిష్క్రమణకు ఉన్న మెరుపు వ్యాజ్యానికి లేకపోవడమే కారణమేమో.

1968లో ఆయన తర్వాత రావాడ సత్యనారాయణ ఆ కుర్చీలోకి వచ్చారు.

1991లో రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి చట్టం వచ్చింది. సిండికేట్ పోయి పాలక మండలి, పాత సెనేట్ పోయి అకడమిక్ సెనేట్ వచ్చాయి. ఉపకులపతి పేర్లను ఇప్పుడు ముగ్గురు సభ్యుల సెర్చ్ కమిటీ సూచిస్తుంది. అందులో పాలక మండలి, యూజీసీ, ప్రభుత్వం తలా ఒక ప్రతినిధిని పెడతాయి. కాగితం మీద ఏర్పాటు బాగానే ఉంది. కానీ కమిటీ ఎప్పుడు కూర్చోవాలో తేల్చేది ప్రభుత్వమే. 2019 జులైలో ఉపకులపతి గడువు ముగిస్తే, తర్వాతి పూర్తికాల ఉపకులపతి వచ్చింది 2021 మేలో. ఆ మధ్యకాలమంతా ఐఏఎస్ అధికారి ఇన్‌చార్జిగా గడిచింది. 1966లో ఉపకులపతిని దించడానికి రెండు సవరణలు కావలసి వచ్చాయి. ఇప్పుడు ఆ కుర్చీని ఖాళీగా ఉంచడానికి ఒక్క సవరణా అక్కర్లేదు.

ఇంకో సంగతి. సుప్రీంకోర్టు కొట్టేసింది 13-ఏను. అంతకుముందు సవరణలో ఐదేళ్లను మూడేళ్లు చేశారు కదా, ఆ గడువు 1991 చట్టంలోనూ మూడేళ్లే.