1808: ఒక కిరీటం, ఒక లాంతరు

చిన్నప్పుడు మా సాంఘికశాస్త్రం పుస్తకంలో నెపోలియన్ బొమ్మ ఒకటుండేది. ముందుకాళ్ళు పైకెత్తిన గుర్రం, గాలికెగిరే ఉత్తరీయం, ఆల్ప్స్ శిఖరాలకేసి చాచిన చెయ్యి. 1800లో ఆయన ఆ కనుమ దాటింది కంచరగాడిద మీదనని చాలా ఏళ్ళ తరువాత చదివినప్పుడు మోసపోయినట్లనిపించింది. అంతకన్నా ఇబ్బంది పెట్టిన సంగతేమిటంటే, అబద్ధమని తెలిశాక కూడా ఆ బొమ్మ అందం నా కంటికి ఇసుమంతైనా తగ్గలేదు.

దాన్ని చిత్రించినవాడు జాక్ లూయీ దావీద్, నవ్యసంప్రదాయ చిత్రకళకు పెద్దదిక్కు. 1738లో హెర్క్యులేనియంలోనూ, 1748లో పాంపేయిలోనూ తవ్వకాలు మొదలయ్యాక ఐరోపా ప్రాచీన రోము మోజులో పడింది. చెక్కినట్లుండే రేఖ, తూచినట్లుండే కూర్పు, సొంత దుఃఖం కన్నా రాజ్యధర్మమే మిన్న అనే నీతి: స్థూలంగా ఇదీ ఆ శైలి. ఫ్రెంచి విప్లవానికి ఇంతకన్నా తగిన భాష దొరకదు. పదహారవ లూయీకి మరణశిక్ష వేయాలని ఓటువేసిన ప్రతినిధుల్లో దావీద్ ఒకడు. 1793లో స్నానపు తొట్టెలో హతుడైన మరాను అమరవీరుణ్ణి చేసి నిలిపినదీ ఆయన కుంచే. పదకొండేళ్ళు గడిచాయో లేదో, 1804లో ఆ కుంచే చక్రవర్తి కొలువులో చేరింది.

ఆ ఏడు డిసెంబరు 2న నోత్రదామ్‌లో జరిగిన పట్టాభిషేకాన్ని దావీద్ దాదాపు పది మీటర్ల వెడల్పున, ఆరు మీటర్లకు మించిన ఎత్తున చిత్రించాడు. 1808లో పారిస్ జనం దాన్ని చూశారు. ఆ ఉత్సవానికి రాని నెపోలియన్ తల్లి చిత్రం నడుమ ఠీవిగా ఆసీనురాలై ఉంటుంది. చేతులు ఒడిలో పెట్టుకుని ఊరికే కూర్చున్నట్లు మొదట గీసిన పోపుగారి చేత, తరువాత చెయ్యెత్తించి దీవెనలిప్పించారు. వీటిని ఆస్థాన మర్యాదలనుకుని క్షమించవచ్చు. నా చూపు ఆగేది వేరే ఇద్దరి దగ్గర. ఒకరు చక్రవర్తి బావమరిది, సేనాని మురా. రెండోవారు అన్న జోసెఫ్.

ఆ 1808లోనే మిత్రుల వేషంలో స్పెయిన్‌లో అడుగుపెట్టిన ఫ్రెంచి సేనల మీద మే 2న మాడ్రిడ్ జనం తిరగబడ్డారు. ఆయుధంతో పట్టుబడ్డవారిని కాల్చివేయమని ఆజ్ఞ ఇచ్చింది మురాయే. ఆ రాత్రి నుంచి తెల్లవారేదాకా కాల్పులు జరిగాయి. మరికొన్ని వారాలకు స్పెయిన్ సింహాసనం మీద కూర్చున్నది జోసెఫే. పారిస్ పటంలో జరీ అంగీలు తొడిగి కొలువుదీరినవారి పని మాడ్రిడ్‌లో ఇలా సాగింది!

దావీద్ కన్నా రెండేళ్ళు పెద్దవాడైన ఫ్రాన్సిస్కో గోయా 1814లో ఆ రాత్రిని చిత్రించాడు. 1792-93 నాటి జబ్బుతో ఆయనకు వినికిడి పోయింది. తుపాకి ఎంత దగ్గర పేలినా చెవిన పడే అవకాశం లేదు. చిత్రంలోనూ నన్ను పట్టుకున్నది ఆ నిశ్శబ్దమే. నేల మీద ఒక పెద్ద లాంతరు. దాని వెలుగులో తెల్లచొక్కా మనిషి మోకాళ్ళ మీద నిలబడి రెండు చేతులూ బారచాపాడు. లేచి నిలబడితే అందరికన్నా పొడుగ్గా ఉంటాడనిపిస్తుంది. పక్కన నెత్తురు మడుగులో శవాలు, వెనుక తమ వంతు కోసం కళ్ళు మూసుకున్నవారు. కాల్చేవారి ముఖాలు మనకు కనపడవు, వంగిన వీపులే. పట్టాభిషేకంలో కొలువుదీరినవారిని గుర్తుపట్టవచ్చు. ఇక్కడ ఎవరికీ పేరు లేదు.

'రొమాంటిక్' అనగానే మనకు కృష్ణశాస్త్రిగారూ, వెన్నెలా గుర్తొస్తాయి. ఈ కాల్పనికవాదం పుట్టింటికి ఇలాంటి చీకటిగది కూడా ఒకటుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

అలాగని గోయాను ఋషిని చేయబోను. 1810లో మాడ్రిడ్ నగరం మీద ఆయన వేసిన ఒక చిత్రంలోని గుండ్రని ఫలకంలో జోసెఫ్ ముఖమే ఉండేది. ప్రభుత్వం మారినప్పుడల్లా దాన్ని చెరిపి మరొకటి రాశారు: రాజ్యాంగం అనే మాట, మళ్ళీ జోసెఫ్, తిరిగి రాజ్యాంగం, ఆ పైన రాజు ఫెర్డినాండ్. దావీద్ తన రాజీలను కాన్వాసు మీద గర్వంగా నిలిపితే, గోయా రాజీల మీద రంగు పూశారు. అదే కాలంలో ఆయన ఎవరికీ చూపకుండా యుద్ధఘోరాలను రాగిరేకుల మీద చెక్కుతూ వచ్చాడు. అవి ఒక సంపుటంగా వెలువడినది 1863లో, ఆయన పోయిన ముప్ఫై ఐదేళ్ళకు.

ఇద్దరూ పరాయిదేశంలోనే కన్నుమూశారు. దావీద్ 1825లో బ్రస్సెల్స్‌లో, గోయా 1828లో ఫ్రాన్స్‌లోని బోర్దోలో. రాజును చంపించినవాడని దావీద్ దేహాన్ని ఫ్రాన్స్‌లోకి రానివ్వలేదు. ఆ మాడ్రిడ్ ఫలకం మీద ఇప్పుడు ఏ రాజు ముఖమూ లేదు, 'మే రెండు' అన్న అక్షరాలున్నాయి. అవీ గోయా రాసినవి కావు.