సెలవు లేని స్మారక దినం



2017 డిసెంబరులో మా అబ్బాయి దగ్గర అమెరికాలో ఉన్నాను. 7వ తేదీ ఉదయం నడకకు వెళితే పోస్టాఫీసు ముందు జాతీయ జెండా అవనతం చేసి ఉంది. ఎవరో పెద్దమనిషి పోయి ఉంటారు, ఆఫీసుకు సెలవిచ్చి ఉంటారు అనుకున్నాను. తీరా చూస్తే లోపల కౌంటర్లు యథావిధిగా నడుస్తున్నాయి. సంతాపమంటే సెలవు అనే లెక్కలో ముప్పయి అయిదేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, నాకు వింతగా తోచింది. ఇంటికి వచ్చి అడిగితే, "ఇవాళ పెర్ల్ హార్బర్ దినం నాన్నా, దీనికి సెలవుండదు" అన్నాడు మావాడు.

1941 డిసెంబరు 7, ఆదివారం. హవాయి దీవుల్లో ఒవాహు అనే దీవి. అక్కడి పెర్ల్ హార్బరులో అమెరికా యుద్ధనౌకలు లంగరు వేసి ఉన్నాయి. ఉదయం ఎనిమిది కావస్తుండగా, ఆరు విమానవాహక నౌకల నుంచి లేచిన జపాను విమానాలు సుమారు 350, రెండు విడతలుగా వచ్చి పడ్డాయి. అప్పటికి ఇరుదేశాల మధ్య యుద్ధ ప్రకటనే లేదు. రెండు గంటల్లో అంతా అయిపోయింది. మరణించిన అమెరికన్లు 2,403 మంది. అందులో 68 మంది సైన్యంతో సంబంధం లేని మామూలు జనం. అరిజోనా అనే ఒక్క నౌకలోనే 1,177 మంది పోయారు. మర్నాడే అమెరికా యుద్ధంలోకి దిగింది.

1994లో అమెరికా కాంగ్రెసు చట్టం చేసి డిసెంబరు 7ను జాతీయ స్మారక దినంగా నిర్ణయించింది. ఆ రోజు జెండా అవనతం చేస్తారు, అధ్యక్షుడు ప్రకటన చేస్తాడు. పని మాత్రం ఆగదు. మునిగిన అరిజోనా మీదుగా 1962లో స్మారక మందిరం కట్టారు. పోయినవారి పేర్లన్నీ అక్కడ పాలరాతి గోడ మీద చెక్కి ఉన్నాయి. తొమ్మిది వందల మందికి పైగా ఇప్పటికీ ఆ నౌకలోనే ఉన్నారు. ఆ నౌకలో బ్రతికి బయటపడ్డవారిలో చివరి ఆయన 2024లో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

నన్ను కదిలించింది ఓక్లహోమా నౌక సంగతి. అది తలకిందులై 429 మంది చనిపోయారు. అప్పట్లో చాలామందిని పోల్చలేక, గుర్తు తెలియనివారిగా హోనోలూలూలో పూడ్చిపెట్టారు. 2015లో ఆ సమాధులు తవ్వి, ఎముకల డి.ఎన్.ఎ.ను బంధువుల డి.ఎన్.ఎ.తో పోల్చి, 350 మందికి పైగా పేర్లు తేల్చారు. తేలని కొద్దిమందిని 2021 డిసెంబరు 7న, సరిగ్గా ఎనభై ఏళ్ళకు, మళ్ళీ గౌరవంగా పూడ్చారు. అంతకాలం ఆ ఫైలు మూయలేదన్నమాట.

ఆ యుద్ధం నాలుగు నెలలు తిరగకుండా మన గడపకూ వచ్చింది. హవాయి మీద పడ్డ నౌకల్లోనే అయిదు, 1942 ఏప్రిల్ 5న కొలంబో మీదికి విమానాలు పంపాయి. మర్నాడు ర్యూజో అనే మరో నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. జనం పిల్లాపాపలతో పల్లెలకు తరలిపోయారు. ఆనాటి బాంబు షెల్ విశాఖ మ్యూజియంలో ఉంది.

మా చిన్నాన్న ఆనాడు విశాఖ హార్బరులో రోజుకూలి మీద సరుకుల లెక్క రాసేవాడట. ఆ సాయంత్రం ఇంటికి రాలేదు. నాన్నమ్మ అర్జీ పెట్టించింది. మస్టరులో ఆ పేరు కనిపించలేదని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. చదువురాని ఆవిడ, కొడుకు పేరున్న కాగితం అదొక్కటే గనుక, పోయేదాకా పెట్టెలో దాచుకుంది. ఏటా చైత్ర బహుళంలో ఆ తిథికి మా నాన్నగారు తద్దినం పెట్టేవారు. మా ఇంటి స్మారక దినం అదే.

ఇంకో మాట చెప్పుకోవాలి. "రికార్డులో లేనందున తిరస్కరించడమైనది" అని నా సర్వీసులో నేనూ ఎన్నో అర్జీల మీద రాశాను. రూలు ప్రకారం తప్పు లేదు. కానీ ఒక్క అర్జీదారునైనా కూర్చోబెట్టి, ఆ మనిషి ఎవరు, ఏం జరిగింది అని అడిగిన గుర్తు లేదు. ఆ పోస్టాఫీసు ముందు నిలబడ్డ నాటి నుంచి ఇది నన్ను వదలటం లేదు.

బ్రతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే వాళ్ళం మనం. పోయినవారికి ఆ వీలు లేదు. వారి తరఫున రాయవలసింది మనమే. రాతపనిలో తలలు పండినవాళ్ళం కదా! మీ ఇంట్లో యుద్ధాల్లోనో, తుఫానుల్లోనో పోయినవారి పేరు, ఊరు, తేదీ ఒక నోటుపుస్తకంలో రాసి, మనవలకు చదివి వినిపించండి. నేను మొదలుపెట్టాను. మొదటి పేజీ మా చిన్నాన్నది.