ఒక పాత పేరుకు టీకా

మా అమ్మమ్మకు తన పేరు నచ్చదు. పెళ్ళయి అత్తవారింటికి వచ్చాక ఒక దేవత పేరు పెట్టుకుంది. రేషను కార్డులోను, వోటరు జాబితాలోను ఆ పేరే ఉంది. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఎరిగిన పెద్దవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఆమెకు ఇష్టం లేని పేరును నేనిక్కడ రాయడం భావ్యం కాదు గనుక రాయను. అది ఏ కోవకు చెందినదో మాత్రం చెబుతాను.

పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, కుప్పమ్మ, బిచ్చయ్య, భిక్షమయ్య, తవిటయ్య, తవిటమ్మ. ఈ పేర్లు మనందరం విన్నవే. చదువుకునే రోజుల్లో ఇలాంటి పేరుగల వాళ్ళను చూసి నవ్విన పాపం నాకూ ఉంది. వీటి వెనుక ఉన్న సంగతి పెద్దవాళ్ళకు తెలిసినదే. పుట్టిన పిల్లలు వరుసగా దక్కకుండా పోతుంటే, మరుసటి బిడ్డను పుట్టగానే తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేస్తే తమకు దొరికినట్టు ఎత్తుకొచ్చేవారు. ఆ బిడ్డ పెంటయ్య. ఎంగిలి విస్తళ్ళలో దొర్లించిన బిడ్డ పుల్లయ్య. నలుగురిళ్ళలో బిచ్చమెత్తి ఆ బిచ్చంతో పెంచుకున్న బిడ్డ బిచ్చయ్య. మా ఉత్తరాంధ్రలోనైతే పొరుగింటామెకు బిడ్డను అమ్మేసినట్టు నటించి, చేటెడు తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కునేవారు. తవిటినాయుళ్ళు, తవిటమ్మలు అలా వచ్చినవాళ్ళే. ఇది మాకు అక్కరలేని సరుకు, దీని మీద నీ చూపెందుకు అని మృత్యువును ఏమార్చడమే వీటన్నిటి సారాంశం.

అమ్మమ్మకు ముందు ఆమె తల్లికి ముగ్గురు పోయారట. ఇద్దరు పురిటిలోనే, ఒక ఆడపిల్ల పాకే వయసులో అమ్మవారు సోకి. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలిసిన కథే. తెలియడం వేరు, అర్థం కావడం వేరు.

మా పాపకు ఆరోవారం టీకాలు వేయించిన రాత్రి నాకది అర్థమైంది. రెండు తొడల మీదా సూదిపోట్లు. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరుగారు ముందే చెప్పారు జ్వరం వస్తుందని, చుక్కల మందు ఎంత వేయాలో బరువును బట్టి రాసిచ్చారు కూడా. అయినా పన్నెండు దాటాక పాప ఏడవడం కూడా మానేసి మూలుగుతూ ఉంటే, నేను గడియారం చూస్తూ ఏడ్చాను. పక్క మంచం మీది అమ్మమ్మ లేచి వచ్చి పాప నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఏటమ్మా ఏడుస్తన్నావు? జొరమొస్తే ఒచ్చింది. ఈ జొరం మా అమ్మ అడిగినా దొరకనేదు" అంది. తెల్లవారేసరికి పాపకు చెమట పట్టి జ్వరం దిగింది. ఆ మాట మాత్రం నన్ను వదలలేదు.

మరునాటినుంచీ టీకాల కార్డును ఒక పుస్తకంలాగా చదవడం మొదలుపెట్టాను. టీకా అంటే మనకు వ్యాఖ్యానమనే అర్థం కూడా ఉంది కదా. ఆ కార్డులోని ఒక్కొక్క గడి అమ్మమ్మ పేరుకు ఒక్కొక్క వ్యాఖ్యానంలాగా కనబడింది.

పురిటిలో పోయిన ఆ ఇద్దరు ఎందుకు పోయారో నేనిప్పుడు తేల్చి చెప్పలేను గానీ, పాలు తాగుతున్న బిడ్డ వారం తిరగకుండానే దవడలు బిగుసుకుపోయి, ఒళ్ళు విల్లులా వంగి పోయిందని అమ్మమ్మ వాళ్ళమ్మ చెప్పేదట. ఆ లక్షణాలు ధనుర్వాతానివి. కొడవలితోనో, మొద్దుబారిన కత్తితోనో బొడ్డు కోసి, దాని మీద బూడిదో పేడో పెట్టిన రోజులవి. ఆ వ్యాధిని ఆపడానికి కావలసినవి రెండే: కడుపుతో ఉన్న తల్లికి టెటనస్ టీకా, బొడ్డు కోయడానికి శుభ్రమైన బ్లేడు. ఇంత చిన్న సంగతి దేశమంతటా అందడానికి 2015 దాకా పట్టింది. పసికందుల ధనుర్వాతం ప్రజారోగ్య సమస్యగా మన దేశంలో తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచినది ఆ ఏడాదే.

మూడో బిడ్డను తీసుకుపోయిన మశూచి కథ ఇంకా పాతది. మన దేశంలో తొలి మశూచి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకు పడింది. ఆ రోజుల్లో మందు సీసాలో వచ్చేది కాదు, పిల్లల చేతుల మీద వచ్చేది. ఒక బిడ్డకు టీకా వేస్తే ఎనిమిదో రోజుకు పొక్కులో చేరిన రసిని తీసి మరొక బిడ్డ చేతికి అంటించేవారు. బాగ్దాదు, బస్రాల మీదుగా బొంబాయికి, అక్కడినుంచి మిగిలిన ఊళ్ళకు అది చేరినది అలాగే. ముక్కూ మొహం తెలియని బిడ్డ పుండులోని రసిని తమ బిడ్డ ఒంట్లోకి ఎక్కించడానికి తల్లులు జంకారంటే, దాన్ని మూఢత్వమని కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు. ఆ కాలంలో నేనున్నా జంకేదాన్నే.

ఆ జంకును పోగొట్టడానికి మద్రాసులో ఒక విచిత్రమైన ప్రయత్నం జరిగింది. తెలుగు మొదలైన దక్షిణాది భాషలు సంస్కృతజన్యాలు కావని 1816లో నిరూపించిన ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ మనకు తెలిసినవాడే. గోమశూచి టీకా మన దేవతలు అనుగ్రహించిన వరమేనని చెప్పేటట్టుగా, శక్తికీ ధన్వంతరికీ నడుమ సంవాదరూపంలో ఆయనే ఒక రచన చేశాడు. అమ్మవారి మీద భక్తిని కాదనకుండా, ఆ భక్తి చేతనే సూదిని ఒప్పించాలని ఆయన ఆలోచన. మంచి ఉద్దేశంతో ఆడిన అబద్ధం సరైనదేనా అన్న ప్రశ్న అలా ఉంచితే, తల్లి భయాన్ని గౌరవించకుండా బిడ్డకు టీకా వేయలేమని ఆ పండితుడు గ్రహించాడు. మశూచి భూమి మీద లేదని 1980 మేలో ప్రకటించారు. ఈనాటి కార్డులో ఆ టీకాకు గడే లేదు. నా దృష్టిలో ఆ లేని గడే అన్నిటికంటె గొప్పది.

కార్డులోని మొదటి గడి బి.సి.జి. పుట్టగానే ఎడమ భుజం మీద వేసేది. మనందరి భుజాల మీదా ఆ మచ్చ ఉంటుంది. అది మన దేశంలో వేళ్ళూనినది తెలుగు నేల మీద అంటే నమ్ముతారా? మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన క్షయ చికిత్సాలయం కేంద్రంగా, 1948లో మన దేశపు తొలి బి.సి.జి. కార్యక్రమం మొదలైంది. తరువాత అక్కడి వైద్యుడు యోహానెస్ ఫ్రీమట్-మోలర్ మదనపల్లె పట్టణంలోను, చుట్టుపక్కల పల్లెల్లోను ఇంటింటికీ తిరిగి టీకా పనితీరును ఏళ్ళ తరబడి పరీక్షించాడు. ఆ టీకా మీద నిరసనలూ లేకపోలేదు. 1955లో రాజాజీ దాన్ని వ్యతిరేకిస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. 1968లో చెంగల్పట్టులో మొదలుపెట్టిన మహా పరీక్షలో, పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేకపోయిందని తేలింది. అయితే పసిబిడ్డల ప్రాణం తీసే మెదడు పొరల క్షయనుంచి అది కాపాడుతుంది. అందుకే దాన్ని పుట్టిన వెంటనే వేస్తున్నారు. అనుకున్నంత గొప్పది కాదని తెలిశాక కూడా, ఎక్కడ పనికివస్తుందో అక్కడ నిలుపుకోవడం నాకు చాలా నచ్చింది.

మరికొన్ని గడులు హైదరాబాదువి. హెపటైటిస్-బి టీకాను విదేశాలనుంచి తెచ్చుకుంటున్న రోజుల్లో, అది సామాన్యులకు అందని ధరలో ఉండేది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే తయారుచేసి ధరను దించింది. విరేచనాలతో పసివాళ్ళను ఎండగట్టే రోటావైరస్‌కు భారత్ బయోటెక్ చేసిన చుక్కల మందు 2016లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ విరేచనాలకు అంతకు ముందునుంచీ ఉన్న ఆయుధం ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, బనగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ నీళ్ళను డ్రమ్ముల్లో కలిపి బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. సూది కూడా అక్కరలేని ఈ వైద్యం తల్లి చేతిలోనే ఉంది.

ఇక లెక్కలు. మన దేశంలో 1971లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. అంటే ఎనిమిదిమందిలో ఒకరు. అమ్మమ్మ పుట్టినది అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. ఆంధ్రలో 24, తెలంగాణలో 21. పెంటయ్యలూ తవిటమ్మలూ తగ్గిపోయినది మన అభిరుచి పెరిగినందుకే అని నేను అనుకునేదాన్ని. ఆ లెక్కలు చూశాక, అంతకంటె పెద్ద కారణం ఆ పేర్లతో పని తీరిపోవడమే అనిపిస్తోంది.

పూర్తిగా తీరిందా? ఆ 28 మందిలో 20 మంది మొదటి నాలుగు వారాలలోనే పోతున్నారు. నెలలు నిండక, బరువు లేక పుట్టిన బిడ్డలకు టీకా లేదు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1996లో మరి ఇద్దరితో కలిసి ఒక వ్యాసం రాశారు. ఆఫ్రికాకంటె దక్షిణాసియాలో పసిపిల్లలు ఎక్కువగా చిక్కిపోయి ఉండడానికి కారణమేమిటని అడిగి, స్త్రీల స్థితే కారణమని జవాబిచ్చారు. చిక్కిన తల్లికి చిక్కిన బిడ్డ. అందరూ తిన్నాక మిగిలినది తిని, బాలింతగా పత్యం పేరిట అదీ తినక, ఏటేటా కన్న మా ముత్తవ్వను తలుచుకుంటే ఆ వ్యాసానికి వేరే ఉదాహరణ అక్కరలేదు. బిడ్డ తొలి ఏడు తల్లి కంచంలో మొదలవుతుందన్నది కార్డులో ఏ గడిలోనూ లేదు.

మన పిండివంటల సంగతీ చెప్పాలి. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు. ఇన్నాళ్ళూ ఇవి ముద్దు కోసం పెట్టుకున్న ప్రాసలనుకున్నాను. ఏడాది ముగుస్తుందో లేదో తెలియని రోజుల్లో, పుట్టినరోజు దాకా ఆగే ధైర్యం ఎవరికుంటుంది? దక్కిన నెలకు దక్కిన పండగ. ఒక్కొక్క పిండివంటా పొరుగువాళ్ళకు పంచి, మా బిడ్డ ఇంకా ఉంది అని చెప్పుకోవడమేనేమో. ఇది నా ఊహ మాత్రమే. కానీ మా పాప బోర్లా పడిన రోజున అమ్మమ్మ బొబ్బట్లు చేసి వీధిలో పది ఇళ్ళకూ తానే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది. ఎనభై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఎవరినీ వెంట రానివ్వలేదు.

మొన్న తొమ్మిదో నెల నిండాక తట్టు, రుబెల్లా టీకాకు వెళ్ళాము. విటమిన్-ఎ మందు కూడా వేశారు. చంటిపిల్లల కంటిచూపు కోసం 1970లో దేశమంతటా మొదలుపెట్టిన ఆ చెంచాడు మందు వెనుక కూడా హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. నర్సు కార్డు నింపుతూ, పైన పేరు రాయనే లేదేమిటమ్మా అంది. చూస్తే నిజమే. ఆసుపత్రిలో రాసిన "బేబీ ఆఫ్" అని, పక్కన నా పేరు, అంతే. ఇరవై ఒకటో రోజున బారసాల చేసి బియ్యంలో రాసిన పేరును కార్డులో రాయడం తొమ్మిది నెలలుగా మరిచిపోయాను. లేక రాయడానికి భయపడ్డానా? నాకే తెలియదు.

అక్కడే బెంచీ మీద కూర్చుని పాప పేరు రాశాను. అమ్మమ్మకు చదవడం రాదు. కార్డు చేతిలోకి తీసుకుని ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేనా దాని పేరు?" అని అడిగింది. అవునన్నాను. "మంచి పేరు. పెద్దగా రాయాల్సింది" అంది.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి పాత పేర్లు ఉండే ఉంటాయి. వాటి వెనుక కథ చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉంటే, ఈ ఆదివారమే అడిగి రాసిపెట్టండి. వీలైతే నాకూ చెప్పండి.