ప్రాథమికోన్నత తరగతుల్లో వ్యాస పఠన బోధన

ప్రాథమికోన్నత తరగతుల్లో వ్యాస పఠన బోధన అంటే 6, 7, 8 తరగతుల పిల్లలచేత వ్యాసం, జీవిత చరిత్ర, యాత్రా రచన, సంపాదకీయం, పత్రికా వార్త, నివేదిక వంటి కాల్పనికేతర వచనాన్ని చదివించి, అందులో చెప్పిన విషయమేమిటో, దానికి చూపిన ఆధారమేమిటో, రచయిత సొంత అభిప్రాయం ఎక్కడ మొదలైందో గుర్తించడం నేర్పడం. తెలుగు వాచకాల్లో వచనానికి పందొమ్మిదో శతాబ్దం నుంచే చోటు ఉంది. ఆ వచనాన్ని ప్రశ్నించడం పిల్లలకు నేర్పాలన్న ఆలోచన పాఠ్యప్రణాళికలో స్పష్టంగా చేరింది మాత్రం 2011 తర్వాతే. ఈ వ్యాసం ఆ మార్పును తెలుగు ప్రాంతాలకు, ప్రత్యేకించి హైదరాబాదులోని సనత్‌నగర్, అమీర్‌పేట, బేగంపేట పరిసరాలకు అన్వయించి పరిశీలిస్తుంది.

తొలి వాచకాలు

మద్రాసు రాజధానిలో బడి చదువుకు తెలుగు వచనం కావలసి వచ్చినప్పుడు ముందుకొచ్చిన పుస్తకం పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853). అది కథల పుస్తకం, భాష గ్రాంథికం. దాన్ని శైలి కోసం, వ్యాకరణం కోసం చదివించేవారు. సామినేని ముద్దునరసింహం నాయుడు రాసిన ‘హితసూచని’ 1862లో అచ్చయింది. విద్య, వైద్యం, వివాహం వంటి విషయాలను తర్కించిన ఆ రచనలను ఆయన ప్రమేయాలు అన్నారు. తెలుగులో వ్యాసానికి తొలి రూపాల్లో ఇదొకటి. 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ పత్రిక ప్రారంభించాక, ఒక వాదాన్ని చదివి అంగీకరించడమో ఎదిరించడమో చేసే పాఠకవర్గం పెరిగింది. ఈ వాదాల జోరు తరగతి గదిదాకా రాలేదు. బడిలో పఠనమంటే బిగ్గరగా చదవడం, కఠిన పదాలకు అర్థాలు చెప్పడం, సొంత మాటల్లో సారాంశం రాయడం.

భాష వివాదం

పిల్లలు చదివే వచనం ఏ భాషలో ఉండాలన్న ప్రశ్న 1906 ప్రాంతంలో లేచింది. పాఠశాలల పర్యవేక్షణకు ఉత్తర కోస్తాకు వచ్చిన జె.ఎ.యేట్స్‌కు జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకంలోని తెలుగుకూ మధ్య అంత దూరం ఎందుకో అర్థం కాలేదు. ఆయన అడిగిన ప్రశ్నలు గిడుగు రామమూర్తిని, గురజాడ అప్పారావును వ్యావహారిక భాషోద్యమం వైపు నడిపించాయి. 1910 దశకం ఆరంభంలో స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసరచనను వాడుక భాషలో రాయవచ్చా అన్నది పెద్ద తగువైంది. జయంతి రామయ్య పంతులు వంటివారు గ్రాంథికం పక్షాన నిలిచారు. ఆ తగువు పైకి రచన గురించే అయినా పఠనానికి కూడా వర్తించింది. వాక్యం అర్థం చేసుకోవడానికే శ్రమంతా ఖర్చయితే, ఆ వాక్యం నిజమా కాదా అని అడిగే ఓపిక విద్యార్థికి మిగలదు.

హైదరాబాదు రాష్ట్రంలో

నిజాం పాలనలో ఉన్నత పాఠశాల చదువు ప్రధానంగా ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమాన్నే చేపట్టింది. అందువల్ల తెలుగులో చరిత్ర, విజ్ఞానశాస్త్రం చదవాలనుకున్న పిల్లలకు బడికన్నా గ్రంథాలయమే దిక్కయింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1906లో అదే నగరంలో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు తదితరులు విజ్ఞానచంద్రికా మండలి స్థాపించారు. మండలి తొలి ప్రచురణ గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. కథలు, కావ్యాలు కాక చరిత్రలు, శాస్త్రాలు తెలుగులో చదువుకొనే అలవాటుకు ఈ మండలి పునాది వేసింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో ‘గోలకొండ పత్రిక’ వచ్చింది. 1928లో మాడపాటి హనుమంతరావు కృషితో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాల ఏర్పడింది.

రాష్ట్రం ఏర్పడ్డాక

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పిల్లలూ ఒకే ప్రభుత్వ వాచకాల కిందికి వచ్చారు. వాచకంలో పద్యభాగం, గద్యభాగం, దానికి తోడు ఉపవాచకం ఉండేవి. ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలు పఠనాన్ని ప్రకాశ పఠనం, మౌన పఠనం అనీ, క్షుణ్ణ పఠనం, విస్తార పఠనం అనీ విభజించాయి. గద్యభాగంలో జీవిత చరిత్రలు, యాత్రలు, వ్యాసాలు ఉన్నా పాఠం చివరి ప్రశ్నలు ఎక్కువగా జవాబు పాఠంలోనే దొరికే రకానివి. పరీక్షకు గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు అందుబాటులోకి వచ్చాక, పాఠం చదవకుండానే జవాబు రాయడం సాధ్యమైంది. వచన పఠనాన్ని నిజంగా పరీక్షించింది అపరిచిత గద్యం, అంటే వాచకంలో లేని పేరా, ఒక్కటే. అందులోనూ పేరాలోంచి మాటలు ఎత్తి రాస్తే మార్కులు పడేవి.

బడి బయట పిల్లలకు కాల్పనికేతర వచనాన్ని అందించినవి పత్రికలు. 1945లో మొదలైన ‘బాల’, 1947లో మొదలైన ‘చందమామ’ పిల్లల్లో చదివే అలవాటును పెంచాయి. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ శాస్త్ర విషయాలను తేటతెలుగులో రాశారు. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పేరుతో పిల్లల సైన్సు పత్రిక నడిపింది. ఎందుకు, ఎలా అని అడగడం దాని స్వభావం.

2011 తర్వాతి వాచకాలు

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం (2005), విద్యాహక్కు చట్టం (2009) తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో సొంత విద్యా ప్రణాళిక చట్రం రూపొందించింది. దాని ప్రకారం 2012 నుంచి దశలవారీగా కొత్త పుస్తకాలు వచ్చాయి. తెలుగు వాచకంలో ప్రతి పాఠానికి ముందు ఉద్దేశం, నేపథ్యం, ప్రక్రియా పరిచయం చేరాయి. చదవబోయేది కథా, వ్యాసమా, యాత్రా రచనా అని విద్యార్థికి ముందే తెలుస్తుంది. రాష్ట్ర విభజన తర్వాత వచ్చిన తెలంగాణ 8వ తరగతి వాచకంలో ‘సముద్ర ప్రయాణం’, ‘అసామాన్యులు’, ‘సింగరేణి’ వంటి పాఠాలు ఈ కోవలోవి. పదో తరగతికి వచ్చేసరికి ‘లక్ష్యసిద్ధి’ పేరుతో ఒక పత్రికా సంపాదకీయమే పాఠమైంది. పేరా ఇచ్చి ‘ప్రశ్నలు తయారు చేయండి’ అనే అభ్యాసం కూడా వచ్చింది. ప్రశ్న వేసే పని ఉపాధ్యాయుడి నుంచి విద్యార్థికి బదిలీ కావడం ఇందులోని అసలు మార్పు.

సాంఘికశాస్త్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. ‘ఇచ్చిన పాఠ్యాంశాన్ని చదివి అర్థం చేసుకొని వ్యాఖ్యానించడం’, ‘సమకాలీన అంశాలపై ప్రతిస్పందన’ అనేవి అందులో విద్యా ప్రమాణాలయ్యాయి. పేరా చదివి వ్యాఖ్యానించమనే ప్రశ్నకు పాఠంలో రెడీమేడ్ జవాబు ఉండదు. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో పుస్తక సమీక్షకు, ప్రాజెక్టు పనికి మార్కులు కేటాయించారు. అయితే ఇక్కడా పాత అలవాటు పోలేదు. వ్యాఖ్యానాలకూ, ప్రాజెక్టులకూ గైడ్లు వచ్చాయి.

బోధనా పద్ధతులు

ప్రపంచంలో ఈ రంగంలో ఎక్కువగా పేరుపొందిన పద్ధతులు అమెరికాలో పుట్టాయి. 1946లో ఫ్రాన్సిస్ రాబిన్సన్ ముందు పైపైన చూడడం, ప్రశ్న వేసుకోవడం, చదవడం, అప్పజెప్పుకోవడం, తిరిగి చూడడం అనే అయిదు మెట్ల పద్ధతి సూచించాడు. 1984లో పాలిన్‌సార్, బ్రౌన్ అనే పరిశోధకులు పిల్లలే వంతులవారీగా సారాంశం చెప్పి, ప్రశ్న వేసి, అర్థంకానిది విప్పి, రాబోయేది ఊహించే పద్ధతి రూపొందించారు. 1986లో డోనా ఓగల్ మూడు గళ్ల పట్టిక ప్రవేశపెట్టింది. తెలిసింది, తెలుసుకోవాలనుకుంటున్నది, చదివాక తెలిసింది అని ఆ గళ్లలో రాస్తారు. వీటిలో దేనికీ ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. నల్లబల్ల మీద గీత గీసి ఏ ప్రభుత్వ పాఠశాలలోనైనా అమలు చేయవచ్చు.

సనత్‌నగర్ పరిసరాలు

పారిశ్రామికవాడ ఉన్న సనత్‌నగర్‌లో ఇతర రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఒకే తరగతిలో తెలుగు ఇంటి భాషగా ఉన్నవారూ లేనివారూ కూర్చుంటారు. 2018లో తెలంగాణ చేసిన చట్టం అన్ని బోర్డుల పాఠశాలల్లోనూ తెలుగును తప్పనిసరి చేసింది. తెలుగు మాతృభాష కానివారికి సులభ వాచకంగా ‘వెన్నెల’ వచ్చింది. ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 నుంచి ఒకే విషయాన్ని తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ముద్రించిన ద్విభాషా పుస్తకాలు అందాయి.

విశ్లేషణాత్మక పఠనానికి తగిన సామగ్రి ఈ ప్రాంతంలోనే ఉంది. దగ్గరలోని బేగంపేటలో ఒక భవనంలో వైద్యుడు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ‘దోమకాటుతో మలేరియా వస్తుందని ఇక్కడే నిరూపించాడు’ అనే వాక్యాన్ని పిల్లల ముందు పెడితే, అందులో ఎంత సరైనదో తేల్చడం మంచి అభ్యాసం. దోమ ద్వారా వ్యాప్తి జరిగే తీరును రాస్ 1898లో కలకత్తాలో, పక్షుల మలేరియాపై చేసిన ప్రయోగాలతో చూపాడు. మనుషుల మలేరియా విషయంలో దాన్ని నిర్ధారించింది ఇటలీలో శాస్త్రవేత్త గ్రాస్సీ బృందం. 1902 నోబెల్ బహుమతి రాస్‌కు దక్కింది. గుర్తించడం, నిరూపించడం, గుర్తింపు పొందడం వేర్వేరని ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం సనత్‌నగర్ పారిశ్రామికవాడలోనే ఉంది. గాలి నాణ్యతను కొలిచే కేంద్రమూ ఈ ప్రాంతంలో ఉంది. గాలిలోని సూక్ష్మ ధూళికణాలు, అంటే పీఎం 2.5, ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు మించరాదని భారత ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5 మైక్రోగ్రాములు. ఒక చోట సగటు 35 ఉందనుకుంటే, ‘పరిమితిలోనే ఉంది’ అని ఒక పత్రిక, ‘పరిమితికి ఏడు రెట్లు’ అని ఇంకో పత్రిక రాయవచ్చు. రెండు లెక్కలూ తప్పు కావు. ఏ పరిమితితో పోల్చారని అడగడం నేర్చిన పిల్లవాడు వార్తను చదవడం నేర్చినట్టే.

బడిలో పట్టుబడని ఈ విద్యను పెద్దయ్యాక డబ్బు కట్టి నేర్చుకోవలసి వస్తోంది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో బ్యాంకు ఉద్యోగ పరీక్షల కోసం ఇచ్చే తర్ఫీదులో పేరా చదివి జవాబివ్వడం ఒక భాగం.

మూల్యాంకనం, ప్రస్తుత స్థితి

ప్రాథమికోన్నత దశలో పఠన సామర్థ్యాన్ని 2017, 2021 జాతీయ సాధన సర్వేలు 8వ తరగతిలో, 2024 పరఖ్ సర్వే 6వ తరగతిలో పరీక్షించాయి. ఇవి బహుళైచ్ఛిక ప్రశ్నలతో సాగుతాయి కనుక విద్యార్థి సొంత వ్యాఖ్యానానికి చోటు తక్కువ. ఆంధ్రప్రదేశ్ 2020లో ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమాన్ని, తెలంగాణ 2022లో నూరు రోజుల పఠనోద్యమాన్ని చేపట్టాయి. 6 నుంచి 9 తరగతుల అభ్యసన స్థాయిని పెంచడానికి తెలంగాణ 2023–24లో ‘ఉన్నతి’ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది.

తెలుగు వాచకంలో వ్యాసానికి కొరత ఎప్పుడూ లేదు. ప్రశ్నకు చోటే ఆలస్యంగా దొరికింది. విద్యా ప్రమాణాలు ఆ చోటును కాగితం మీద ఖాయం చేశాయి. తరగతిలో అది నిలవడం పరీక్షపత్రం మీద ఆధారపడి ఉంది. విద్యార్థి ముందెన్నడూ చూడని పేరాను, ముందే రాసిపెట్టిన జవాబు లేని ప్రశ్నను ఇచ్చినప్పుడే ఉపాధ్యాయులు ఈ పఠనాన్ని నేర్పుతారు, పిల్లలు నేర్చుకుంటారు.