నల్లమలలో వన్యప్రాణి చికిత్స, పునరావాసం

గాయపడిన, తల్లికి దూరమైన అడవి జంతువులను బతికించి తిరిగి అడవికి చేర్చడమే వన్యప్రాణి పునరావాసం. మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమలలో ఉచ్చులు, కరెంటు తీగలు, నేలబావులు, వాహనాలు వాటికి ప్రాణగండాలు.

ఉచ్చులో చిక్కిన చిరుతకు దూరం నుంచే మత్తు సూది వేస్తారు. ఆ సూదిలో వాడే కెటమిన్ అనే మందు మత్తులో రెప్పలు మూతపడవు. అందుకే కళ్లు ఎండిపోకుండా మందు వేసి, గుడ్డ కప్పుతారు. ఉచ్చు తీగ బిగిసిన చోట కండ కొన్ని రోజుల తర్వాతా కుళ్లవచ్చు. పైకి బాగున్నట్టు కనిపించినా వెంటనే వదిలేయకూడదు.

2023 మార్చిలో పొరుగున నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు ఆడ పులికూనలు దొరికాయి. తల్లితో కలిపే ప్రయత్నం ఫలించక, వాటిని తిరుపతి ఎస్వీ జూపార్కుకు తరలించారు. ఇలాంటి కూనలను మళ్లీ అడవిలో వదలాలంటే అవి మనిషికి మచ్చిక కాకూడదు, సొంతంగా వేటాడటం నేర్వాలి.